తాత ఆల్బంలో హడ్సన్-ఫుల్టన్ రెండు సెంట్ల స్టాంపు: పళ్లు లేనంత మాత్రాన ఇంపెర్ఫ్ అవుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. తాతగారి ఆల్బంలో ఎర్ర రంగు అమెరికా స్టాంపు ఒకటి ఉంది. నది మీద ఒక తెరచాప ఓడ, ఒక పొగ ఓడ. హడ్సన్-ఫుల్టన్ సెలబ్రేషన్ అనే పేరు, 1609, 1909 అనే ఏళ్లు, రెండు సెంట్ల విలువ ఉన్నాయి. నాలుగు వైపులా పళ్లు, అంటే రంధ్రాల వరస వెంట చింపినప్పుడు అంచున మిగిలే కొసలు, లేవు. నల్లటి అలల గీతల తపాలా ముద్ర పడి ఉంది. బొమ్మ చట్రం గీత నుంచి అంచు వరకు ఎడమ పక్క ఒక మిల్లీమీటరు, పైన అర మిల్లీమీటరు కాగితం ఉందని కొలిచి రాశారు. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం బజారుకు పట్టుకెళ్తే ఒకాయన అరుదైన ఇంపెర్ఫ్ (రంధ్రాలు కొట్టకుండానే అమ్మిన స్టాంపు) అని, పదిహేను వేలకు తక్కువ ఇవ్వొద్దని చెప్పాడు. పక్కనే ఇంకొకాయన ఐదొందలు ఇస్తానన్నాడు. ఏది నిజం, పేజీ నుంచి ఎలా తీయాలి, పాప కోసం నది స్టీమర్ల మీద చిన్న ఆల్బం చేయాలంటే ఇంకేం కలపాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేరుగా జవాబు: మీరిచ్చిన కొలతలను బట్టి, అది పళ్లు కత్తిరించిన మామూలు స్టాంపు అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. పదిహేను వేలు అన్న మాట అసలైన ఇంపెర్ఫ్‌కు కూడా వర్తించదు. కత్తిరించినదని తేలితే ఐదొందలు కూడా ఎక్కువే. అయినా ఇప్పుడే అమ్మకండి, పారేయకండి. మూడు నాలుగు పరీక్షలు ఇంట్లోనే చేసుకోవచ్చు, ఖర్చు పెద్దగా ఉండదు.

ముందు స్టాంపు సంగతి. ఇది 1909 సెప్టెంబరు 25న విడుదలైంది. ఆ ఏడాది అమెరికా మూడు స్మారక స్టాంపులు తెచ్చింది. ఫిబ్రవరిలో లింకన్ శతజయంతికి, జూన్‌లో సియాటిల్‌లో జరిగిన అలాస్కా-యూకాన్-పసిఫిక్ ప్రదర్శనకు, సెప్టెంబరులో ఇది. మూడూ రెండు సెంట్లవే, మూడూ కార్మైన్ ఎరుపే. మూడింటినీ పళ్లతోనూ, పళ్లు కొట్టకుండానూ అమ్మారు. హడ్సన్-ఫుల్టన్‌లో పళ్లున్నవి 7,26,34,631. పళ్లు లేనివి 2,16,480. ఈ రెండో అంకె చూసే బజారులో "అరుదు" అంటారు. రెండు లక్షల పైచిలుకు స్టాంపును అరుదు అనలేం. పైగా వాటిలో చాలా భాగం కలెక్టర్ల చేతికే వెళ్లింది కాబట్టి, జాగ్రత్తగా దాచినవి ఇప్పటికీ బాగానే దొరుకుతున్నాయి.

అసలు పళ్లు లేకుండా ఎందుకు అమ్మారన్నది తెలిస్తే మీ స్టాంపు మీద అనుమానం ఎందుకో అర్థమవుతుంది. అప్పట్లో స్టాంపులమ్మే యంత్రాల కంపెనీలు కొత్తగా వచ్చాయి. నాణెం వేస్తే స్టాంపు బయటికి రావాలి. తపాలా శాఖ కొట్టే సన్న రంధ్రాలు ఆ యంత్రాలకు పనికిరావు, స్టాంపుల పట్టీ చుట్ట మధ్యలోనే తెగిపోతుంది. అందుకని ఆ కంపెనీలు రంధ్రాల్లేని షీట్లు కొని, పట్టీలుగా కోసి, అతికి, తమ యంత్రానికి తగ్గ రంధ్రాలో గాట్లో తామే పెట్టుకునేవి. మిగతావి కలెక్టర్లు కొని దాచుకున్నారు. అంటే ఇంపెర్ఫ్ స్టాంపు ఒంటరిగా, నాలుగు వైపులా కత్తెర పడి, మామూలు ఉత్తరం మీద అంటుకుని, అలల ముద్ర వేయించుకుని రావడం జరగనిదేం కాదు, కానీ తక్కువ. ఇలాంటి స్టాంపుల్లో వాడనివాటి కంటే నిజంగా వాడినవే దొరకడం కష్టం. మీది ముద్ర పడినది. కాబట్టి మొదటి అనుమానం అక్కడే మొదలవ్వాలి.

పరీక్ష ఒకటి: అంచు. ఇదే అసలైన పరీక్ష, మిగతావన్నీ దీని తర్వాతే. ఇదే స్టాంపు పళ్లున్న మామూలు కాపీ ఒకటి సంపాదించండి. ముద్ర పడినదైతే నాలుగైదు వందల లోపే దొరుకుతుంది, దాన్ని పాప ఆల్బంలో ఎలాగూ పెట్టుకోవచ్చు. దాని మీద మీ స్టాంపును పెట్టి, రెండింటి బొమ్మ చట్రాలూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి వచ్చేలా పట్టకారుతో సర్దండి. ఇప్పుడు నాలుగు వైపులా చూడండి. అసలైన ఇంపెర్ఫ్ అయితే దాని కాగితం కింది కాపీ పంటి కొసల దాకా, వీలైతే వాటిని దాటి రావాలి. మీ స్టాంపు అంచు పళ్ల మొదళ్ల దగ్గరే, అంటే రంధ్రాల లోపలి గీత దగ్గరే ఆగిపోతుంటే అది ఇంపెర్ఫ్ అని రుజువు చేయడం ఇక ఎవరి తరమూ కాదు. పళ్లు కత్తిరించాలంటే రంధ్రం లోతు మేరకైనా కాగితం పోవాలి కదా, ఆ పోయిన కాగితమే మనం వెతికేది. మీరు రాసిన అర మిల్లీమీటరు పై అంచు ఈ పరీక్షలో నిలబడదనే నా అంచనా.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆ కాలంలో వాషింగ్టన్‌లోని ముద్రణాలయంలో కాగితాన్ని తడిపి, చదునైన ప్లేటు మీద అచ్చువేసేవారు. ఆరాక కాగితం ముడుచుకుంటుంది, అన్ని షీట్లూ ఒకేలా ముడుచుకోవు. తర్వాత పళ్లు కొట్టే యంత్రం మాత్రం తన కొలత ప్రకారమే కొట్టుకుంటూ పోతుంది. అందుకే ఈ స్టాంపుల్లో బొమ్మ ఒక పక్కకు జరిగినవే ఎక్కువ. ఒక వైపు అంచు సన్నగా, ఎదురు వైపు వెడల్పుగా ఉంటుంది. అక్కడక్కడా నాలుగు వైపులా వెడల్పున్న కాపీ కూడా వస్తుంది. మోసం చేసేవాళ్లు వెతికి పట్టుకునేది దాన్నే, పళ్లు తీసేసినా ఇంకా కాస్త అంచు మిగులుతుంది కాబట్టి. అందువల్ల ఒకటి రెండు వైపుల వెడల్పు చూసి తృప్తి పడకూడదు. నాలుగు వైపులా పంటి కొసలు దాటాలి. దీనికి అన్నిటికంటే గట్టి పరిష్కారం జంట. రెండు స్టాంపులు విడిపోకుండా, వాటి మధ్య ఖాళీలో రంధ్రం జాడ లేకుండా ఉంటే ఇక వాదనే లేదు. ఇంపెర్ఫ్ కొనాలనుకునేవారు ఎప్పుడూ జంటే కొనండి. జంటకు రెండింతలు ఇవ్వాల్సి వచ్చినా ఆ డబ్బు వృథా కాదు.

అంచును పది రెట్ల భూతద్దంతో, పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి చూడండి. కత్తిరించిన వ్యక్తికి తొందరైతే ఎక్కడో ఒకచోట రంధ్రపు అడుగు మిగిలిపోతుంది. చంద్రవంకలా లోతులేని నొక్కు ఒకటి కనబడుతుంది, దాని నుంచి ఇంచుమించు 1.7 మిల్లీమీటర్ల దూరంలో ఇంకొకటి. ఈ స్టాంపు పళ్ల కొలత 12, అంటే రెండు సెంటీమీటర్లకు పన్నెండు రంధ్రాలు. ఆ లెక్కన ఆ దూరం వస్తుంది. అలాంటి నొక్కులు రెండు ఒకే వరసలో కనబడితే ఇక మిగతా పరీక్షలు అక్కర్లేదు.

దీనికి తలకిందులు కేసు కూడా చెప్పాలి, బజారులో ఇది కూడా ఎదురవుతుంది. ఒక వైపు మాత్రమే పళ్లు లేని కాపీ. ఆ కాలపు పెద్ద షీట్లను నాలుగు భాగాలుగా కోసి పోస్టాఫీసులకు పంపేవారు. కోత పడిన గీత పక్కన ఉన్న స్టాంపుకు ఆ వైపు పళ్లు ఉండవు. ఇది లోపమూ కాదు, మోసమూ కాదు, పుట్టుకతోనే అలా ఉంది. అయితే కలెక్టర్లు అలాంటివి ఇష్టపడరని కొందరు ఆ వైపు కొత్తగా పళ్లు కొడతారు. కొత్త పళ్లు గుర్తుపట్టడం కష్టమేం కాదు. ఎదురెదురు వైపుల రంధ్రాలను పోల్చండి. అసలైన రంధ్రాల పంటి కొసల్లో చింపినప్పుడు లేచిన కాగితపు నార కనబడుతుంది. కొత్తవాటి కొసలు మొండిగా, శుభ్రంగా ఉంటాయి. వరస కూడా తిన్నగా ఉండదు.

పరీక్ష రెండు: అచ్చు. ఈ స్టాంపు చెక్కుడు అచ్చుతో వేసింది. ఉక్కు మీద గీసిన గీతల్లో సిరా నింపి, కాగితాన్ని దాని మీద నొక్కి తీస్తారు. భూతద్దంలో చూస్తే ఆకాశం, నీళ్లు, తెరచాప నీడ అంతా గీతలే. ఎక్కడా చుక్కలుండవు. చుక్కల వల కనబడితే అది ఇటీవల ఎక్కడో వేసిన నకలు. స్టాంపును కంటి ఎత్తుకు తెచ్చి వాలుగా చూస్తే గీతల మీద సిరా కాస్త పైకి లేచి ఉన్నట్టు తెలుస్తుంది. నది నీళ్లు ఈ పరీక్షకు మంచి చోటు. అక్కడ గీతలు ఒకదానికొకటి దగ్గరగా, అలల వంపుతో సాగుతాయి. మంచి కాపీలో వాటిని విడివిడిగా లెక్కపెట్టొచ్చు. అరిగిన ప్లేటు మీద వేసినదైతే మధ్యలో తెల్లబడతాయి.

పరీక్ష మూడు: నీటిగుర్తు, అంటే కాగితం తయారీలోనే పలచగా పడిన గుర్తు. ఈ కాగితంలో జంట గీతలతో గీసిన యూఎస్‌పీఎస్ అనే అక్షరాలు నీటిగుర్తుగా ఉంటాయి. అవి షీటంతా పరుచుకుని ఉంటాయి కాబట్టి ఒక్కో స్టాంపులో ఒకటి రెండు అక్షరాల ముక్కలే పడతాయి, మొత్తం పదం కనబడుతుందని ఎదురుచూడకండి. నల్లటి గాజు పలకో, నల్లటి పింగాణీ సాసరో తీసుకుని, స్టాంపును బోర్లా పెట్టి, స్టాంపుల దుకాణాల్లో అమ్మే వాటర్‌మార్క్ ద్రవం నాలుగు చుక్కలు వేయండి. తడిసిన వెంటనే పలచటి చోట్లు నల్లగా కనబడతాయి. కొన్ని సెకన్లే ఉంటుంది, అందుకే ముందే ఫోన్ కెమెరా సిద్ధంగా పెట్టుకోండి. సిగరెట్ లైటర్లలో పోసే ద్రవం కూడా పని చేస్తుంది. కానీ అది భగ్గున అంటుకునే సరుకు. వంటింట్లో వద్దు, పూజగది పక్కన వద్దు. కిటికీ తెరిచి, ఫ్యాన్ ఆపి చేయండి. స్పిరిట్, శానిటైజర్ మాత్రం ఎప్పుడూ వాడొద్దు, ముద్ర సిరాను కరిగిస్తాయి. ఈ పరీక్షకు నీళ్లు కూడా వద్దు. ఇక్కడొక మాట: ఈ పరీక్ష స్టాంపు నకలా అసలా అన్నది చెబుతుందే గానీ, పళ్లు కోశారా లేదా అన్నది చెప్పదు. పళ్లున్నవాటికీ లేనివాటికీ కాగితం ఒక్కటే.

కరెన్సీ నోట్లు చూసే అల్ట్రావయొలెట్ టార్చి మీ దగ్గరుంటే చీకట్లో ఒకసారి వేసి చూడండి. 1909 నాటి కాగితంలో ఇప్పటి తెలుపు రసాయనాలు లేవు, కాబట్టి అది నీలంగా మెరవదు. ఎక్కడైనా ఒక మూల మాత్రమే తళుక్కుమంటే అక్కడ కొత్త కాగితం అతికారన్నమాట. సన్నటి అంచుకు కాగితం అతికి వెడల్పు చేసిన ఇంపెర్ఫ్‌లు కూడా ఉంటాయి. టార్చి వెలుగులో ఆ అతుకు గీత బయటపడుతుంది.

నీలం కాగితం గురించి ఎవరైనా చెబితే నమ్మకండి. 1909లో నీలి ఛాయ ఉన్న ప్రయోగపు కాగితం మీద లింకన్ స్టాంపు వచ్చిన మాట నిజం, దానికి విలువ కూడా ఉంది. హడ్సన్-ఫుల్టన్ ఆ కాగితం మీద రాలేదు. మీది కాస్త నీలంగా కనబడితే అది ముద్ర సిరా ఊరినదో, పేజీ రంగు అంటినదో అయి ఉంటుంది.

ధర విషయం. పళ్లున్నది, ముద్ర పడినది, మామూలు స్థితిలో ఉన్నది కొన్ని డాలర్ల వస్తువు. అసలైన ఇంపెర్ఫ్ ఒంటరి స్టాంపు సాధారణంగా వెయ్యి నుంచి రెండు మూడు వేల రూపాయల మధ్య తిరుగుతుంది. కత్తిరించినదానికి కలెక్టర్ల లెక్కలో విలువ దాదాపు శూన్యం. మంచి పళ్లున్న స్టాంపును ఎవరో ఇంపెర్ఫ్ చేయబోయి పాడు చేశారన్నమాట. లేదా ఇంకా మామూలు కారణం కూడా ఉండొచ్చు. ఆ రోజుల్లో పిల్లలు ఆల్బం గళ్లలో స్టాంపు చక్కగా కూర్చోవాలని పళ్లు కత్తిరించేవారు. మోసం ఉద్దేశం లేకుండానే వేలకొద్దీ స్టాంపులు అలా పోయాయి. అన్నిసార్లూ అమ్మినవాణ్ని అనుమానించక్కర్లేదు. అమెరికాలో ఫిలాటెలిక్ ఫౌండేషన్ లాంటి సంస్థలు పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తాయి. అయితే ఆ రుసుము, రానుపోను రిజిస్టర్డ్ పోస్టు ఖర్చు కలిపితే స్టాంపు ధరను దాటిపోతుంది. ఒంటరి స్టాంపుకు అది దండగ. ఆబిడ్స్ జీపీవోలో ఉన్న ఫిలాటెలిక్ బ్యూరోకు వెళ్లాలని కూడా రాశారు. తప్పకుండా వెళ్లండి, పాపను తీసుకెళ్లండి, కొత్త భారతీయ స్టాంపులు కొనిపెట్టండి. కానీ వాళ్లు పాత విదేశీ స్టాంపులకు వెల కట్టరు, అది వాళ్ల పని కాదు.

అసలు విలువ ఎక్కడుండొచ్చంటే, ముద్రలో, కవరులో. తాతగారి పెట్టెలో ఇదే స్టాంపు అంటించిన కవరు గానీ, పిక్చర్ పోస్ట్‌కార్డు గానీ ఉందేమో వెతకండి. న్యూయార్క్‌లో ఆ ఉత్సవాలు 1909 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 9 వరకు జరిగాయి. ఆ వారాల్లోనే విల్బర్ రైట్ గవర్నర్స్ ఐలాండ్ నుంచి విమానం లేపి లిబర్టీ విగ్రహం చుట్టూ తిరిగాడు. న్యూయార్క్ జనంలో చాలామంది విమానాన్ని కళ్లారా చూడడం అదే మొదటిసారి. ఆ తేదీల ముద్రతో, ఆ ఉత్సవాల బొమ్మ ఉన్న కార్డు మీద ఈ స్టాంపు ఉంటే, అది ఒంటరి ఇంపెర్ఫ్ కంటే ముచ్చటైన వస్తువు. సెప్టెంబరు 25 ముద్ర పడిన కవరైతే నిజంగానే అరుదు. కవరు మీదున్న స్టాంపును ఏ పరిస్థితిలోనూ నానబెట్టి తీయకండి. కవరును కత్తిరించకండి కూడా.

ఇక పేజీ నుంచి తీయడం. ముందు ఎలా అతికారో చూడండి. పట్టకారు కొసతో ఒక మూల కొద్దిగా లేపితే వెనక సన్నటి కాగితపు మడత కనబడితే అది హింజ్. అది ఊడి రావచ్చు. ఊడకపోతే లాగొద్దు, స్టాంపు వెనక పొర లేచిపోయి పలచబడుతుంది. ఆ పలచన కాగితాన్ని ఎత్తి వెలుతురుకు పెడితే మచ్చలా కనబడుతుంది, ఇక దిద్దుకోలేం. మీ స్టాంపు ముద్ర పడినదే కాబట్టి వెనక జిగురు కాపాడాల్సిన పనిలేదు, నానబెట్టొచ్చు. పేజీని స్టాంపు చుట్టూ ఒక అంగుళం వదిలి కత్తిరించండి. పేజీ వెనక ఇంకో స్టాంపు ఉందేమో ముందు చూసుకోవాలి, చాలామంది తొందరలో అది మరచిపోతారు. వెడల్పాటి పళ్లెంలో గది వేడి ఉన్న నీళ్లు రెండంగుళాలు పోసి, ముక్కను బొమ్మ పైకి ఉండేలా తేలనివ్వండి. పదిహేను ఇరవై నిమిషాలకు స్టాంపు తనంతట తానే జారుతుంది. జారకపోతే ఇంకో పది నిమిషాలు ఆగండి, గోరు పెట్టకండి. వేడి నీళ్లు వద్దు. పేజీ మీద ఎర్ర సిరా, ఊదా సిరా రాతలుంటే ఆ రాత ఉన్న ముక్కను ముందే కత్తిరించి తీసేయండి. లేకపోతే ఆ రంగు నీళ్లలో కలిసి స్టాంపుకు పడుతుంది.

మన దగ్గర బోరు నీళ్లతో ఒక ఇబ్బంది ఉంది. హైదరాబాద్‌లో చాలా కాలనీల్లో ఆ నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. ఆరాక స్టాంపు మీద తెల్లటి పొర వదులుతాయి. నానబెట్టడానికి మంజీరా నీళ్లో ఫిల్టర్ నీళ్లో వాడండి. జిగురంతా వదిలాక మరో గిన్నెలో శుభ్రమైన నీళ్లతో ఇంకోసారి కడగండి. వెనక వేలు పెడితే జారుడుగా అనిపిస్తే జిగురు ఇంకా ఉన్నట్టు. అలాగే ఆరబెడితే కాగితానికి అంటుకుపోతుంది. తర్వాత బ్లాటింగ్ పేపరు మీద బోర్లా వేసి, పైన ఇంకో బ్లాటింగ్ పేపరు కప్పి, గంట తర్వాత మార్చి, రాత్రంతా లావుపాటి పుస్తకం కింద పెట్టండి. దినపత్రిక వాడొద్దు, అచ్చు సిరా అంటుతుంది. ఫ్యాన్ కింద ఒట్టిగా ఆరబెడితే చుట్టుకుపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే పది నిమిషాల్లో గొట్టంలా అవుతుంది.

దాచడం గురించి ఒకటి రెండు మాటలే. మెత్తటి పీవీసీ కవర్లున్న ఆల్బంలు వద్దు, వాటి నూనె కాగితానికి పడుతుంది. పాలియెస్టర్ కవర్లు మంచివి. మన ఇళ్లలో అల్మారాలో కలరా ఉండలు వేయడం అలవాటు. స్టాంపుల దగ్గర అవి వేయకండి, ఆ ఆవిరికి పాలిస్టైరీన్ మౌంట్లు (స్టాంపును ఉంచే ప్లాస్టిక్ తొడుగులు) మెత్తబడి జిగటగా అవుతాయి. వానాకాలంలో ఆల్బంను పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచండి. కార్మైన్ ఎరుపు ఎండకు వెలిసిపోతుంది కాబట్టి ఫ్రేము కట్టి గోడకు తగిలించడం మంచిది కాదు.

పాప ఆల్బం సంగతి. దీని కోసం మీ స్టాంపు, కత్తిరించినదే అయినా, మొదటి పేజీకి చక్కగా సరిపోతుంది. చెప్పడానికి అందులో చాలా ఉంది. బొమ్మలో కనబడే రెండు ఓడలు ఎప్పుడూ ఒక్కసారి ఆ నది మీద లేవు. తెరచాపది హెన్రీ హడ్సన్ నడిపిన హాఫ్ మూన్, అది 1609 నాటిది. పొగ ఓడ రాబర్ట్ ఫుల్టన్ కట్టిన క్లెర్మాంట్, అది 1807 నాటిది. మధ్యలో 198 ఏళ్లు. ఫుల్టన్ ఓడకు వందేళ్లు నిండింది 1907లో. రెండు ఉత్సవాలనూ కలిపి 1909లో చేశారు, అందుకే స్టాంపు మీద 1807 అనే ఏడు ఎక్కలేదు. దోనెల్లో స్థానిక తెగలవాళ్లు కూడా ఉంటారు, పాపకు భూతద్దం ఇచ్చి వెతకమనండి.

క్లెర్మాంట్ అన్న పేరు కూడా తర్వాత స్థిరపడిందే. ఫుల్టన్ దాన్ని నార్త్ రివర్ స్టీమ్‌బోట్ అనేవాడు, హడ్సన్‌కు అప్పట్లో నార్త్ రివర్ అని వాడుక. క్లెర్మాంట్ అన్నది అతని భాగస్వామి రాబర్ట్ లివింగ్‌స్టన్ ఎస్టేటు పేరు. 1807 ఆగస్టు 17న న్యూయార్క్‌లో బయల్దేరి, ఆల్బనీ వరకు ఉన్న 150 మైళ్లు 32 గంటల నడకలో చేరింది. ఇంజను ఇంగ్లండ్‌లో బౌల్టన్ అండ్ వాట్ దగ్గర చేయించినది. గాలి కోసం, పోటు కోసం కాచుకునే తెరచాప పడవలకు అదే దారి నాలుగు రోజుల దాకా పట్టేది. ఈ తేడా ఒక్కటి పాపకు అర్థమైతే స్టాంపు మొత్తం అర్థమైనట్టే.

కలపాల్సినవి. 1965 ఆగస్టు 19న వచ్చిన ఐదు సెంట్ల రాబర్ట్ ఫుల్టన్ స్టాంపు, దాని మీద ఫుల్టన్ శిల్పం, క్లెర్మాంట్ ఓడ ఉంటాయి. చాలా చవక. ఆ తర్వాత 1989 మార్చి 3న వచ్చిన 25 సెంట్ల స్టీమ్‌బోట్ల బుక్‌లెట్. ఒక రేకులో, అంటే బుక్‌లెట్‌లోని ఒక్కో పేజీలో, ఐదు ఓడలు: ఎక్స్‌పెరిమెంట్, ఫీనిక్స్, న్యూ ఆర్లియన్స్, వాషింగ్టన్, వాక్-ఇన్-ద-వాటర్. బుక్‌లెట్‌లో నాలుగు రేకులు, ఇరవై స్టాంపులు, ఐదు డాలర్లు. ఇక్కడ మళ్లీ పళ్ల తగాదా వస్తుంది, ముందే చెబుతున్నా. ఈ స్టాంపులకు కుడి ఎడమల పళ్లు ఉండవు, పైనా కిందా మాత్రమే ఉంటాయి. రేకు చివరి స్టాంపులకు ఒక్క వైపే ఉంటాయి. అది బుక్‌లెట్ తీరు. ఎవరైనా దాన్ని సగం ఇంపెర్ఫ్ ఎర్రర్ అని ఎక్కువ అడిగితే ఇవ్వకండి. విడి స్టాంపుల కంటే రేకు మొత్తంగా కొనండి, ఐదు ఓడలూ వరసగా ఒక కథ చెబుతాయి. జాన్ ఫిచ్ ఎక్స్‌పెరిమెంట్ 1790లోనే డెలావేర్ నది మీద జనాన్ని ఎక్కించుకుని తిరిగింది, అంటే ఫుల్టన్ కంటే పదిహేడేళ్లు ముందు. ఫీనిక్స్ జాన్ స్టీవెన్స్‌ది. హడ్సన్ మీద పొగ ఓడలు నడిపే గుత్త హక్కు ఫుల్టన్, లివింగ్‌స్టన్ చేతిలో ఉండడంతో 1809లో అతను దాన్ని సముద్రం మీదుగా ఫిలడెల్ఫియాకు పంపాల్సి వచ్చింది. ఆ గుత్తను అమెరికా సుప్రీంకోర్టు 1824లో గిబ్బన్స్-ఆగ్డెన్ కేసులో కొట్టేసింది. న్యూ ఆర్లియన్స్ పిట్స్‌బర్గ్‌లో కట్టినది, 1811 చివర్లో దారిలో ఉండగా న్యూ మాడ్రిడ్ భూకంపం ఎదురైంది. అయినా 1812 జనవరిలో గమ్యం చేరింది.

1944 నాటి మూడు సెంట్ల ఊదారంగు సవానా స్టాంపు కూడా ఈ కట్టలో కలిపి అమ్ముతారు. మంచి స్టాంపే కానీ అది అట్లాంటిక్ దాటిన ఓడ, నదిది కాదు. మన 1937 నాటి ఆరో జార్జి వరసలో ఆరణాల స్టాంపు మీద ఉన్న తపాలా ఓడ కూడా సముద్రపు ఓడే. శీర్షిక నది స్టీమర్లు అయితే ఇవి రెండూ వదిలేయాలని నా అభిప్రాయం. విషయం ఎంత ఇరుకుగా ఉంటే ఆల్బం అంత బాగుంటుంది.

వాటికి బదులు ఒక పేజీ గోదావరికి ఇవ్వండి. దానికి స్టాంపు అక్కర్లేదు, చేత్తో గీసిన పటం చాలు. కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాక, గోదావరి మీదుగా పొగ ఓడలను పైకి, మధ్య పరగణాల పత్తి దాకా నడపాలని పెద్ద ప్రయత్నమే జరిగింది. అది నిలవలేదు. హడ్సన్ నదిలో ఆల్బనీ దాకా సముద్రపు పోటు వస్తుంది, దారిలో రాతి అడ్డం లేదు. గోదావరిలో దుమ్ముగూడెం మొదలు పైకి రాతి అడ్డాలున్నాయి, వేసవిలో నీళ్లు పలచబడతాయి. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, పడవల కాలువ అందుకే కట్టారు. భద్రాచలం వెళ్లినప్పుడు అక్కడికి పాపను తీసుకెళ్లి ఒక ఫొటో తీస్తే ఆ పేజీకి అదే సరిపోతుంది.

చివరగా, స్టాంపు తీశాక ఇక్కడ బొమ్మ పెట్టండి, చూసి చెబుతాను. ఫోన్ ఫొటో వద్దు, జిరాక్స్ షాపులో స్కాన్ చేయించండి. 600 డీపీఐ, ముందు ఒకటి, వెనక ఒకటి. స్టాంపు వెనక నల్ల కాగితం పెట్టి స్కాన్ చేయించాలి, తెల్ల మూత మీద పెడితే అంచు ఎక్కడ ముగిసిందో కనబడదు. పక్కన ప్లాస్టిక్ స్కేలు మిల్లీమీటర్ల వైపు ఆనించి ఉంచండి. పళ్లున్న కాపీ దొరికితే రెండింటినీ ఒకే స్కాన్‌లో పక్కపక్కన పెట్టండి.